తిన్నగా కొట్టని టముకు

పోదనూరుకు రైలుబండి వచ్చినప్పటినుంచి నా ప్రాణానికి సుఖం లేదు. స్టేషను ముందర ఒక ఇనపకమ్మీ ముక్క వేలాడదీశారు. బండి వచ్చే వేళకు నీలం చొక్కా వాడొకడు సుత్తి పట్టుకుని దాన్ని కొడతాడు. ఠంగు, ఠంగు, ఠంగు. ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ వెంట్రుకవాసి తేడా ఉండదు. మా అమ్మాయి ఇల్లు ఆ స్టేషను పక్కనే. అన్నం ముందు కూచున్నా, మధ్యాహ్నం కాస్త కునుకు తీసినా ఆ చప్పుడు వచ్చి చెవిలో పడుతుంది. నేను విసుక్కుంటాను. "వాని పని వాడు సరిగా చేస్తా ఉండాడు గదప్పా, నీకేమిటికి కోపం?" అంటుంది మా అమ్మాయి. సరిగ్గా చేస్తున్నాడు కనకనే కోపం. అలా సరిగ్గా కొట్టవయ్యా మహానుభావా అని ఒక మనిషిని ఏళ్ళ తరబడి బతిమాలి, తిట్టి, నెత్తీ నోరూ కొట్టుకున్నవాణ్ణి నేను. ఆయన పేరు తిమ్మప్ప. మీరెవరూ ఆయన్ను చూసి ఉండరు. చూసి ఉంటే మీకూ నాలాగే తలనొప్పి వచ్చి ఉండేది.

అప్పట్లో నేను ఉడుమలైపేట తాలూకా కచేరీలో చాటింపు వేసేవాణ్ణి. కుంఫిణీవారి హుకుం ఏది వచ్చినా ఊరూరా తిరిగి దాన్ని అరవంలో ఒకసారి, మన తెలుగులో ఒకసారి అరిచి చెప్పడం నా పని. అరిచేముందు జనాన్ని పోగుచెయ్యడానికి టముకు కొట్టేవాడు ఒకడు కావాలి గదా. ఆ ఒకడు తిమ్మప్ప మామ. చుట్టరికం ఏమీ లేదు. మాది గాజులమ్ముకునే ఇల్లు, ఆయనది కంబళం నాయకర్లనే వేరే కులం ఇల్లు. అయినా ఆ వైపు తెలుగువాళ్ళం పెద్దవాణ్ణి మామా అంటాం, ఆయన మనల్ని అల్లుడా అంటాడు. ఎండుకట్టెలాంటి మనిషి, పెద్ద పెద్ద చెవులు, నోట్లో ఎప్పుడూ పొగాకు. చేతులు మాత్రం ఒక్క క్షణం ఊరికే ఉండవు. బండిలో పోతుంటే బండి పట్టె మీద, సత్రంలో కూచుంటే స్తంభం మీద, ఏమీ దొరక్కపోతే పక్కన పడుకున్న నా వీపు మీద వాయిస్తాడు. ఆయన భార్య లక్ష్మక్క అత్త ఒకసారి నాతో అంది, "మీ మామకు చెప్పేదానికంటే ఆవుకు పాట నేర్పేది సులువప్పా. నేను పెళ్ళైన దినమే ఇడిసిపెట్టితిని, నువ్వు కూడా ఇడిసిపెట్టు." నేను విడిచిపెట్టలేదు. అదే నా ఖర్మ.

ఆయన తాత తండ్రులు పాళెగాడి కోటలో యుద్ధపు డోళ్ళు కొట్టినవాళ్ళు. కుంఫిణీవారు కోటలు పడగొట్టి పాళెగాళ్ళను జమీందార్లుగా కూచోబెట్టాక ఆ డోళ్ళకు పని పోయింది. మామ అప్పటికి వయసులో ఉన్నాడు, చేతిలో విద్య ఉంది, దాన్ని పెట్టుకోవడానికి చోటు లేదు. తిరుచినాపల్లి పోయి పటాలంలో డోలు కొట్టే పనిలో చేరాడట. తెల్లవారగానే సిపాయిలు లేవడానికి ఒక దెబ్బ, నడవడానికి ఒక దెబ్బ, నిలబడటానికి ఒక దెబ్బ. నేర్పిన తెల్లదొర ఎలా కొడితే అలాగే కొట్టాలి, ఇవాళా అదే, రేపూ అదే. ఒక ఉదయం సిపాయిలు కవాతు చేస్తుండగా మామ నడకదెబ్బలో నాలుగు చిన్నదెబ్బలు కలిపాడు. ముందు వరసవాళ్ళ కాళ్ళు తడబడ్డాయి, వెనక వరసవాళ్ళు వాళ్ళ మీద పడ్డారు. ఆ సాయంత్రానికే మామ మూట నెత్తిన పెట్టుకుని ఉడుమలైపేట దారి పట్టాడు. ఈ కథ ఆయన నాకు సిగ్గు లేకుండా, పైగా మురిసిపోతూ చెప్పాడు.

"చెప్పినట్టు కొట్టుంటే సరిపోయుండు గదా మామా?" అన్నాను.

"కొట్టినానప్పా. మొదటి దినం చెప్పినట్టే కొడితిని. రెండో దినం పొద్దు వేరేగా పుట్టింది. నేనేం చేసేది?"

పొద్దు వేరేగా పుట్టిందట! ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని ఊరికే అనలేదు. అలాంటివాణ్ణి తెచ్చి కచేరీవాళ్ళు నా పక్కన నిలబెట్టారు.

టముకు కొట్టడంలో ఏముంది చెప్పండి. నాలుగు గట్టి దెబ్బలు, జనం తిరిగి చూస్తారు, ఆపితే నేను మొదలుపెడతాను. చిన్నపిల్లవాడైనా చెయ్యగలడు. మామ చెయ్యలేడు. ఒకసారి కొళుమం సంతలో, పశువులను పైర్ల మీద వదిలితే బందెలదొడ్లో పెడతామని చాటింపు వెయ్యాలి. మామ మొదలుపెట్టాడు. మొదట బాగానే ఉంది. తర్వాత ఆయన దృష్టి పక్కనే మిరపకాయలు దంచుతున్న ఆడవాళ్ళ రోకళ్ళ మీద పడింది. ఆ రోకళ్ళు పడే నడుమ ఖాళీల్లో తన పుల్ల పడేట్టు కొట్టడం మొదలుపెట్టాడు. ఆడవాళ్ళకు ఉత్సాహం వచ్చి వేగం పెంచారు. మామ ఇంకా పెంచాడు. సంతంతా చుట్టూ మూగింది, పిల్లలు గెంతుతున్నారు, ఒక ముసలాయన తలపాగా విప్పి గాల్లో తిప్పుతున్నాడు. నేను "ఇందుమూలంగా సకల జనులకు" అని గొంతు చించుకుంటే ఎవడికి కావాలి? పైగా నేను ఆగిన ప్రతిచోటా మామ ఒక 'డక్' వేస్తాడు. "పశువులను", డక్. "పైర్ల మీద", డక్ డక్. జనం పడీ పడీ నవ్వారు. ఆ వారమే కొళుమంలో సగం పశువులు పైర్లలో పడ్డాయి. తాసీల్దారు నన్ను పిలిచి చివాట్లు పెట్టాడు. తిమ్మప్పను కాదు, నన్ను! నీ గొంతు సరిగ్గా లేదన్నాడు.

ఆ రోజు మామ మీద విరుచుకుపడ్డాను. ఆయన నేను చెప్పినదంతా విని, పొగాకు ఉమ్మి, "నువ్వు రాళ్ళు విసిరినట్టు అరుస్తా ఉండావు అల్లుడా" అన్నాడు. "జనం తల వంచుకుంటారు, రాయి పైనుంచి పోతుంది. మనిషి చెవి అట్ల తెరుచుకోదు. మొదట వాళ్ళేం వింటా ఉండారో నువ్వు విను. ఆమీన అరువు." చెబితే ఒళ్ళు మండుతుంది గానీ, తర్వాతి ఊళ్ళో నాకు తెలియకుండానే ఆ మాట పాటించాను. చాటింపు వేసే ముందు ఊరి చప్పుడు కాసేపు విన్నాను. గానుగ తిరుగుతోంది, దూరంగా ఎవరో బిడ్డను జోకొడుతున్నారు. దానికి తగ్గట్టు గొంతు తగ్గించి చెప్పాను. జనం దగ్గరికి జరిగి విన్నారు. నాకు చాటింపు వేసే విద్య వచ్చిందంటే ఆయన వల్లే వచ్చింది. ఈ సంగతి ఆయన బతికుండగా ఒప్పుకోలేదు. ఒప్పుకుంటే ఇంకెక్కడ ఆగుతాడు?

ఇంత తిన్నగా కొట్టని మనిషి ఏడాదికి ఒక్క రోజు మాత్రం గీత గీసినట్టు కొట్టేవాడు. కొండకింద ఏరిపాళెం అని ఒక పల్లె ఉంది, చెరువు కట్టకు దిగువన. అది ఆయన వాళ్ళ పల్లె. అక్కడ వాళ్ళ కులదేవత జక్కమ్మ గుడిసెలో దేవదుందుభి అనే దేవడోలు ఉంటుంది. జక్కమ్మ పండగ నాడు స్నానం చేసి, ఉపవాసం ఉండి, ఆయన ఆ డోలు భుజాన వేసుకుని మొదట ఒక దెబ్బ కొడతాడు. దాన్ని పిలుపు అంటారు. అది వినపడితే కంబళం పుట్టుక పుట్టినవాళ్ళు కూచుని ఉండకూడదు. తింటున్నవాడు ఎంగిలిచేత్తోనే లేవాలి. బాలింత బిడ్డను చంకనేసుకుని లేవాలి. లేచి, తలగుడ్డ చేతికి తీసుకుని, వచ్చి వరసలో నిలబడాలి. తర్వాతే డోలుకు అడుగేస్తూ ఆట. ఆ పిలుపు తాత కొట్టినట్టే తండ్రి, తండ్రి కొట్టినట్టే మామ. అందులో ఒక చిన్నదెబ్బ కూడా కలిపేవాడు కాదు. "ఇది నాది కాదప్పా, ఆయమ్మది" అనేవాడు. ఆ ఒక్క రోజు కోసం మిగతా ఏడాదంతా బతికేవాడని నాకు అనిపించేది. ఆ రోజు ఆయన ముఖం చూస్తే నాకు కోపం కూడా వచ్చేది కాదు.

మన ఆశ్వయుజ కార్తీకాల నడుమ వచ్చే ఐప్పసి నెలలో ఒక ఏడు వానలు విడవకుండా కురిశాయి. ఏరిపాళెం చెరువు కట్ట నెర్రెలిచ్చిందని, ఏ క్షణాన్నయినా తెగవచ్చని తెల్లవారుజామున కచేరీకి కబురు వచ్చింది. పల్లెను వెంటనే ఖాళీ చేయించమని తాసీల్దారు మమ్మల్ని పంపాడు. తడుస్తూ, జారుతూ పల్లె చేరేసరికి బాగా పొద్దెక్కింది. మామ టముకు కొట్టాడు. నేను అరిచాను. కట్ట తెగబోతోంది, బిడ్డల్నీ ముసలివాళ్ళనూ తీసుకుని తిప్ప మీదికి పొండి అన్నాను. ఒక్క తలుపు తెరుచుకోలేదు. వాళ్ళ తప్పు కాదు. అంతకుముందు ఏడాది ఇదే టముకు కొట్టి మగవాళ్ళందర్నీ మైదానంలో పోగుచేసి, కొండరోడ్డు వెయ్యడానికి వెట్టికి తోలుకుపోయారు కచేరీవాళ్ళు. ఆ చాటింపు వేసింది కూడా నేనే. ఒక గుడిసెలోంచి ఎవరో కేక వేశారు, "చాలప్పా చాలు! మీ టముకు మాట మేం ఒకసారి వింటిమి. ఇంగ వినం."

నేను ఇల్లిల్లూ తిరిగి తలుపులు బాదాను. గొంతు పోయింది. వెనక్కి తిరిగి చూస్తే మామ లేడు. ఈ వేళలో కూడా ఎక్కడికి పోయాడీ మనిషి అని తిట్టుకుంటున్నాను. అంతలో పిలుపు వినబడింది.

వానలో, స్నానం లేకుండా, మొక్కు లేకుండా, పండగ కాని నాడు ఆయన జక్కమ్మ గుడిసెలోంచి దేవదుందుభి తెచ్చి కొడుతున్నాడు. తలుపులన్నీ తెరుచుకున్నాయి. ఎవరూ ఏమీ అడగలేదు. చేతికి అంబలి అంటినవాళ్ళు, తడి జుట్టువాళ్ళు, మంచంపట్టిన ముసలమ్మను భుజాన వేసుకున్నవాళ్ళు, అందరూ వచ్చి వరసలో నిలబడ్డారు. మామ తిప్ప వైపు నడిచాడు. ఆ దెబ్బకు అడుగు వేస్తూ పల్లె పల్లెంతా ఆయన వెనక నడిచింది. నా కళ్ళారా చూశాను. అమ్మ పిలుపును వేళ కాని వేళ కొట్టడం వాళ్ళలో ఎంత తప్పో కూడా నాకు తెలుసు.

కట్ట తెగి ఉంటే ఆయన దేవుడయ్యేవాడు. తెగలేదు. ఇంతకంటే కడుపుమంట ఏముంటుంది? పొద్దుగూకేలోపల వాన ఆగింది, ఎండ కూడా కాసింది. తిప్ప మీద తడిసి ముద్దయిన జనం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కింద వాళ్ళ పల్లె చెక్కు చెదరకుండా నిలబడి ఉంది. పొయ్యిలు ఆరిపోయాయి, మేకలు ఎటో పోయాయి, ముసలమ్మకు జ్వరం వచ్చింది. నేను ఆ చెరువు కట్టను తిట్టాను. నిజంగా, నిలబడి తిట్టాను. మామ మాత్రం, "తెగలేదు. మంచిదే గదప్పా" అన్నాడు.

కంబళం వాళ్ళ పంచాయతీ అంటే నేలమీద నల్లకంబళి పరుస్తారు, దాని మీద ఇత్తడి చెంబుతో నీళ్ళు పెడతారు. పెద్దలు చుట్టూ కూచుంటారు. ఆ కంబళిని ముట్టి అబద్ధం చెప్పినవాడి వంశం నిలవదని వాళ్ళ నమ్మకం. పండగ కాని నాడు పిలుపు కొట్టినందుకు మామను, సాక్షిగా నన్ను పిలిచారు. పోయే దారిలో నేను మామకు ఉపాయం చెప్పాను. "తాసీల్దారు కొట్టమన్నాడు అని ఒక్క మాట చెప్పు. సర్కారు బలవంతం అంటే తప్పు నీది కాదు. తలకు నీళ్ళు పోసుకుని, అమ్మకు మొక్కు చెల్లిస్తే సరిపోతుంది. నేను కూడా అదే చెప్తాను. నేను కంబళం పుట్టుక కాదు గదా, ఆ శాపం నన్నేం చేస్తుంది?"

ఆయన ఆగాడు. "అల్లుడా, కచేరీ చెప్తే కొట్టినానని అంటిననుకో. వచ్చే పండక్కి పిలుపు వినబడతానే ఒకడు పక్కోణ్ణి అడుగుతాడు, ఇది జక్కమ్మ పిలుపా, తాసీల్దారు పిలుపా అని. అట్ల అడిగేకి మొదలుపెట్టినారంటే ఇంగ ఎవడూ లేవడు. నాయన ఇచ్చింది ఆ నమ్మకమే. డోలు ఎవరైనా కొడతారు."

"నువ్వు కొట్టకుంటే బతుకుతావా మామా?"

ఆయన మళ్ళీ నడక మొదలుపెట్టాడు. "నిన్ను అడిగితే జరిగింది చెప్పు" అన్నాడు.

ఊరు పెద్ద కెంపన్న నాయకర్ చెడ్డవాడు కాదు. మామ లాగా కొట్టేవాడు ఇంకొకడు లేడని ఆయనకూ తెలుసు. అందుకే దారి తనే చూపించాడు. "తిమ్మప్పా, నిన్ను కచేరీవాళ్ళు బెదిరించినారా? ఔనంటే ఇంతటితో అయిపోతుంది" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళందరూ ఔను అను, ఔను అను అన్నట్టు చూస్తున్నారు. మామ కంబళిని ముట్టుకుని, "ఎవరూ చెప్పలేదు. నా చేయి చేసింది" అన్నాడు. కెంపన్న నాయకర్ నిట్టూర్చి నా వైపు తిరిగాడు. "నువ్వు ఉంటివి గదప్పా ఆడ. వాడు మొండి పీనుగ, వాని మాట వదులు. నువ్వు ఉణ్మె చెప్పు, ఉన్న నిజం. తాసీల్దారు కొట్టమన్నాడా లేదా?"

వంగి కంబళి మీద చెయ్యి పెట్టాను. ఔను అనే మాట నాలుక మీదే ఉంది. ఆ ఒక్క మాటతో మామకు ఆయన పండగ దక్కుతుంది. ఎన్ని ఊళ్ళలో, ఎన్ని అబద్ధపు హుకుంలు గొంతెత్తి చాటినవాణ్ణి, ఇదొక లెక్కా? తలెత్తి చూస్తే మామ నన్ను చూస్తున్నాడు. బతిమాలుతున్నట్టు కాదు, బెదిరిస్తున్నట్టు కాదు. నేను మొదలుపెట్టడానికి ముందు టముకు ఆపి ఎలా చూస్తాడో అలా, నీ వంతు వచ్చింది అన్నట్టు.

"లేదు" అన్నాను. "ఎవరూ చెప్పలేదు."

దేవడోలును ఆయన ఇక ముట్టకూడదని తీర్పు అయింది. కెంపన్న నాయకర్ తమ్ముడి కొడుక్కి దాన్ని ఇచ్చారు. మామ కంబళిని కళ్ళకద్దుకుని లేచాడు.

ఆ తర్వాత మొదటి చాటింపు గుడిమంగళంలో. ఏదో సంత స్థలం మార్చిన సంగతి. మామ టముకు తీశాడు. డం, డం, డం, డం. ఆపాడు. నా వైపు చూశాడు. అంతే. ఇన్నేళ్ళుగా నేను ఎలా కొట్టమని మొత్తుకున్నానో అచ్చం అలాగే కొట్టాడు. ఎలాగో నాలుగు ముక్కలు అరిచి, జనం పోయాక ఊరి బయట దారిలో ఆయన్ను నిలబెట్టాను.

"ఇదేం కొట్టుడు మామా? పీనుగ ముందు కూడా ఇంతకంటే బాగా కొడతారు!"

"నువ్వు చెప్పిందే గదప్పా, తిన్నగా కొట్టమని."

అక్కడ నాకు కట్ట తెగింది. తెగని ఆ చెరువును తిట్టాను, ఆగిపోయిన వానను తిట్టాను, పెద్దల్ని తిట్టాను, తాసీల్దార్ని తిట్టాను. ఒక్క అబద్ధం చెప్పనివ్వలేదు గదా, నీకేం పోయిందయ్యా అని ఆయన్ను తిట్టాను. తిడుతూ ఏడ్చాను. చేలో కలుపు తీస్తున్న ఆడవాళ్ళు లేచి చూస్తున్నారు. నేను ఊపిరి తీసుకోవడానికి ఆగిన చోట 'డక్' మని వినబడింది. పట్టించుకోకుండా మళ్ళీ తిట్టాను. మళ్ళీ ఆగాను. డక్ డక్.

"నేను తిడతా ఉంటే తాళం వేస్తావా!"

"బాగా తిడతా ఉండావు అల్లుడా. ఆపద్దు" అన్నాడు. ఆయన కళ్ళలోనూ నీళ్ళున్నాయి, చెయ్యి మాత్రం ఆడుతోంది. నేను ఆపలేదు. ఆయనా ఆపలేదు. ఎంతసేపు అలా దారిలో నిలబడి తిట్టానో, ఆయన ఎన్ని రకాలుగా వాయించాడో తెలియదు. మర్నాటినుంచి మళ్ళీ మామూలే. నా చాటింపులన్నీ చెడగొడుతూనే ఉన్నాడు, నేను తిడుతూనే ఉన్నాను.

ఆయన పోయి చాలా ఏళ్ళయింది. దేవడోలు మళ్ళీ ముట్టకుండానే పోయాడు. జక్కమ్మ పండగకు నేను ఇప్పటికీ బండి కట్టించుకుని ఏరిపాళెం వెళతాను. పిలుపు వినబడగానే పల్లె మొత్తం లేస్తుంది. ఎంగిలిచేతులతో, చంకలో బిడ్డలతో వచ్చి నిలబడతారు. ఎవడూ పక్కవాణ్ణి ఏమీ అడగడు. ఒక్కడైనా అడుగుతాడేమోనని నేను ఏటేటా వాళ్ళ ముఖాల్లోకి చూస్తాను. అడిగితే, చూశావా మామా, నువ్వు ఊరికే పోగొట్టుకున్నావు అని ఆయన్ను నాలుగు తిట్టి మనసు తేలిక చేసుకుందామని. ఒక్కడూ అడగడు. ఆ రోజు నేను 'లేదు' అన్న మాట అప్పుడు గుర్తొస్తుంది. చెప్పినందుకు సంతోషమూ లేదు, చెప్పకుండా ఉండాల్సిందనే ధైర్యమూ లేదు. వాళ్ళు ఆట మొదలుపెడతారు. నేను వరసకు దూరంగా, కంబళం పుట్టుక కాకపోయినా, వాళ్ళతోపాటు లేచి నిలబడే ఉంటాను.